పడుకునే ఎత్తు చూసి కొండదారి ఎంచుకోండి

అనంతపురంలో నలుగురు కూర్చున్నచోట ట్రెకింగ్ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఫోను తీసి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ఫొటో చూపిస్తారు. "మేడమ్, ఎంత ఖర్చవుతుంది?" అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. నేను కాలేజీలో భూగోళం చెబుతాను. సెలవుల్లో తోటి అధ్యాపకురాళ్లను, వాళ్ల అక్కచెల్లెళ్లను వెంటబెట్టుకుని కొండలకు వెళ్తాను. ఖర్చు అడిగినవాళ్లను నేను తిరిగి ఒకటి అడుగుతాను: ఆ దారిలో ఏ రాత్రి ఎన్ని మీటర్ల ఎత్తులో పడుకుంటారో కాగితం మీద రాసుకున్నారా?

అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తులో ఉంది. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగమే. ఊపిరికి అందే ఆక్సిజనూ అంతే తగ్గుతుంది. ఆ తక్కువకు ఒళ్లు అలవాటు పడాలంటే రాత్రులు గడవాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా ఫరవాలేదు, దిగివచ్చి ఎక్కడ నిద్రపోయామన్నదే లెక్క. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలని పర్వతారోహణ వైద్యులు చెబుతారు. "మే నెల ఎండల్లో తిరిగేవాళ్లం, మాకు ఎత్తు ఒక లెక్కా?" అని మనవాళ్లు ధీమాగా అంటారు. ఎండకు ఓర్చుకోవడం వేరు, పలచని గాలికి ఓర్చుకోవడం వేరు. కండబలం కూడా అక్కడ కాపాడదు. కుర్రాళ్లు గబగబా ఎక్కేసి, సాయంత్రానికి తలపట్టుకుని కూర్చుంటారు.

ఇప్పుడు ఆ కాగితంతో దారులను చూడండి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. నేపాల్‌లోని లుక్లాలో విమానం దిగి, ఫక్‌డింగ్‌లో 2,610 మీటర్ల దగ్గర పడుకుంటారు. మరునాడు నామ్చే బజార్, 3,440. ఒక్క రోజులో ఎనిమిది వందల పైచిలుకు పెరిగింది కాబట్టే అక్కడ రెండు రాత్రులు ఉంచుతారు. 4,410 మీటర్ల డింగ్‌బోచేలోనూ అంతే. ఈ రెండు విరామాల్లో ఏ ఒక్కటి కోసి "తక్కువ రోజుల ప్యాకేజీ" అని అమ్మినా కొనకండి. 

ఆఫ్రికాలోని కిలిమంజారో 5,895 మీటర్లు. మరాంగు దారిలో గుడిసెలు ఉంటాయి, గుడారం మోయనక్కరలేదు, అందుకని దాన్ని సులువైనదని చెబుతారు. గుడిసెల ఎత్తులు రాసి చూడండి: సుమారు 2,700, 3,700, 4,700. ప్రతి రాత్రికీ వెయ్యి మీటర్లు! వెళ్లాలనుకుంటే నడిమి గుడిసె హొరొంబోలో అదనంగా ఒక రాత్రి అడిగి తీసుకోండి. పెరూలో మాచుపిచ్చు పురాతన నగరానికి నడిచే 'ఇంకా' (Inca) దారి విషయం మరీ విచిత్రం. మాచుపిచ్చు 2,430 మీటర్లే, కానీ విమానం దిగే కుస్కో నగరమే 3,400. తలనొప్పి నడక మొదలుకాకముందే వస్తుంది. పైగా ఆ దారిలోకి కూలీలు, గైడ్లతో కలిపి రోజుకు 500 మందినే పంపుతారు, ఫిబ్రవరిలో పూర్తిగా మూసేస్తారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది సందక్‌ఫూ. పశ్చిమ బెంగాల్‌లో, నేపాల్ సరిహద్దు గట్టు మీదుగా నడక. అత్యధిక ఎత్తు 3,636 మీటర్లు. నడక మొదలయ్యే మానేభంజన్ ఊరి నుంచి మెల్లగా ఎక్కుతూ పోతారు, రాత్రుల లెక్క చక్కగా కుదురుతుంది. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్ట్, కాంచనగంగ, లోత్సే, మకాలు కనిపిస్తాయి. ప్రపంచంలోని అయిదు అతి ఎత్తయిన శిఖరాల్లో నాలుగన్నమాట. పాస్‌పోర్టు లేనివాళ్లు కూడా వెళ్లి రావచ్చు.

సాధన సంగతి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేశామని చెప్పుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. ఎక్కారు, సంతోషం. దిగేటప్పుడు? బస్సు. కొండదారిలో మోకాళ్లను, కాలిగోళ్లను పాడుచేసేది దిగుడే, దానికి తిరుమల నడక ఏమీ నేర్పదు. అందుకే నేను గుత్తి కోట అంటాను. మైదానం నుంచి దాదాపు 300 మీటర్లు లేచిన కొండ, రాళ్లదారి. తెల్లవారగానే మొదలుపెట్టి, మార్చి తర్వాతైతే ఎనిమిదికల్లా కింద ఉండాలి. మొదటి నెల బ్యాగులో నీళ్ల సీసాలు నింపుకుని ఎక్కి, పైన తాగగా మిగిలినవి పారబోసి ఖాళీగా దిగండి. రెండో నెల నుంచి ఆ బరువుతోనే దిగండి. అడుగులు చిన్నవిగా, మోకాలు కొంచెం వంచి. పైన, ఒకప్పుడు ఆ కోటనేలిన మురారిరావు గద్దె దగ్గర కూర్చుని ఫొటోలు తీసుకోవడానికి పది నిమిషాలు చాలు, మా గుంపుకు మాత్రం ఎప్పుడూ సరిపోవు.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. దిగుడులో వేళ్లు ముందుకు తగలకుండా కొంచెం పెద్ద సైజు తీసుకుని, గుత్తిలోనే తొడిగి నడిచి పాదాలకు అలవాటు చేసుకోండి. చలి కోటు మాత్రం ఇక్కడ కొనకండి. నేపాల్ వెళ్తే కాఠ్మాండూలోని థమేల్ వీధుల్లో అద్దెకు దొరుకుతుంది, తిరిగొచ్చాక అనంతపురంలో దాన్ని ఎప్పుడు వేసుకుంటారు?

తిండికి నేపాల్‌లో దిగులు లేదు. దాల్ భాత్ మళ్లీ వడ్డిస్తారు. మన శనక్కాయల పొడి ఒక పొట్లం ఉంటే రాజభోగమే. శనక్కాయల చిక్కీ దారిలో తినడానికి బాగుంటుంది. న్యూజిలాండ్‌లో మిల్‌ఫర్డ్ ట్రాక్ అనే నడకదారికి వెళ్లేవాళ్లు మాత్రం తినే వస్తువు ఏదున్నా విమానాశ్రయంలో ప్రకటించాలి, దాచితే జరిమానా.

ఎత్తు పడనివాళ్లకు, గుండె గురించి డాక్టరు వద్దన్నవాళ్లకు తక్కువ ఎత్తు దారులు ఉన్నాయి. స్పెయిన్‌లోని సాంటియాగో చర్చికి నడిచే యాత్రలో సారియా ఊరి నుంచి చివరి 115 కిలోమీటర్లు వారం లోపు నడవవచ్చు. దారిలో ముద్రలు వేయించుకుంటూ పోతే చివర ధ్రువపత్రం ఇస్తారు. జపాన్‌లో కుమానో కోదో మరో యాత్రా మార్గం, 2004లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. సామాను ఒక బస నుంచి మరో బసకు వాహనంలో పంపించే ఏర్పాటు ఉంది. అయితే అక్కడి శాకాహారపు పులుసులో కూడా చేపల రసం ఉండవచ్చు, బస ఖరారు చేసుకునేటప్పుడే అడగాలి. మా వదిన ఈ రెండూ విని, "నడిచి దేవుణ్ని చూడాలంటే మన శ్రీశైలం లేదా?" అంది. ఉంది. ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలో ఉగాది ముందు కన్నడ భక్తులు వేలమంది నడిచే దారి అది. నన్నడిగితే వదిన అక్కడికైనా రావాలి ముందు.

మందుల విషయం. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరు చెబితేనే వాడాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. తలనొప్పికి వాంతులు, తూలడం తోడైతే, లేదా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దిగాలి.

బీమా కాగితంలో ఎత్తు పరిమితి చదవండి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావరకు కొంత ఎత్తు దాటాక పనిచేయవు, హెలికాప్టరు ఖర్చు మీమీదే పడుతుంది. లుక్లా విమానాలు మబ్బు పడితే ఆగిపోతాయి, రద్దీ నెలల్లో కాఠ్మాండూ నుంచి కాక రామేఛాప్ నుంచి నడుపుతారు, అక్కడికి అర్ధరాత్రి బస్సెక్కాలి. కనుక బెంగళూరుకు తిరుగు టికెట్టు తీసుకునేటప్పుడు మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉంచండి, ఆఫీసులో సెలవు చీటీ కూడా ఆ లెక్కకే రాయండి.