వారానికి ఒక్క పద్యం, ఒక లాంగ్ నోట్‌బుక్

పుస్తకాలు చదివితే ఈ బతుక్కి ఏదైనా అర్థం కనబడుతుందా అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పే మాట: కొత్త పుస్తకాలు కొనకండి. మా బీరువాలో గీతకి మూడు వ్యాఖ్యానాలున్నాయి. ఏ ఒక్కదానిలోనూ రెండో అధ్యాయం దాటలేదు.

నాకు పనికొచ్చింది వేరే పద్ధతి. 2019లో, నాకు 43 ఏళ్ళప్పుడు, నాకు రావాల్సిన ప్రమోషన్ నేను పని నేర్పిన కుర్రాడికి వెళ్ళింది. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో నిలబడి రోజూ అదే తలుచుకుని ఉడికిపోయేదాన్ని. ఒకరోజు మా వాడి తెలుగు వాచకానికి అట్ట వేస్తుంటే వేమన అద్దంలో కొండ పద్యం కనపడింది. అనువుగాని చోట గొప్పలకి పోవద్దు, తగ్గి ఉన్నంత మాత్రాన తక్కువైపోం, కొండైనా అద్దంలో చిన్నగానే కనిపిస్తుంది కదా అంటాడు. చిన్నప్పుడు బళ్ళో గడగడా అప్పజెప్పిందే.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఎడమ పేజీలో పద్యం చేత్తో రాయండి. దాని కింద అర్థం, ఇంట్లో మాట్లాడే మాటల్లో. గైడులో తాత్పర్యం ఎక్కిస్తే పని జరగదు. కుడి పేజీలో ఆ వారం మీకు జరిగిన ఒక్క సంగతి, తేదీ వేసి. 'బాధేసింది' అని సరిపెట్టొద్దు. ఎవరేమన్నారు, మీరేమన్నారు, అప్పుడు చేతిలో ఏముంది, అన్నీ రాయాలి.

ఇక పద్యంతో పోట్లాడండి. అసలు పని ఇదే. మొదటి వారం నేను రాసింది: 'వేమనకేం, ఆయనకి ఈఎంఐ లేదు.' తగ్గి ఉండమంటే నోరు మూసుకోమనా? రెండో వారమూ అదే గొడవ. మూడో వారానికి గానీ అద్దం మీదకి చూపు పోలేదు. కొండ ఎక్కడా తరగలేదు, అద్దమే చిన్నది. మరి ఆ చిన్న అద్దంలో పెద్దగా కనపడాలని ఇన్నేళ్ళూ తాపత్రయపడింది ఎవరు? మర్నాడు వెళ్ళి ప్రమోషన్ ఎందుకు రాలేదో మామూలు గొంతుతో అడిగాను. తగ్గడం వేరు, అడగకపోవడం వేరు.

వేమనతో విసుగొస్తే మార్కస్ అరీలియస్‌ని పట్టుకోండి. రోమ్ చక్రవర్తి. ఆయన 'మెడిటేషన్స్' పుస్తకం తన కోసం తాను గ్రీకులో రాసుకున్న నోట్సు, కొంత యుద్ధ శిబిరంలో ఉండగా రాసింది. ఇవాళ నీకు తలదూర్చేవాళ్ళు, కృతఘ్నులు, పొగరుబోతులు ఎదురవుతారని పొద్దున్నే తనకి తనే చెప్పుకుంటాడు. అయినా మనందరం పై పళ్ళూ కింది పళ్ళలా కలిసి పనిచేయడానికే పుట్టామంటాడు. సోమవారం మీటింగుకి ముందు ఇంతకంటే పనికొచ్చే మాట నాకు దొరకలేదు.

వేమనవి ఎక్కువగా ఆటవెలదులు, పొట్టివి. నాలుగు స్టేషన్లు దాటేలోపు నోటికొస్తాయి. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించినప్పటి నుంచీ సంకలనాలకి కొదవ లేదు, చవకది చాలు. అయితే నిద్ర, తిండి రెండూ పోయిన స్థితిలో ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పద్యం తర్వాత.

వారం తప్పితే తప్పనివ్వండి. నా నోట్‌బుక్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఏమీ లేదు. సెప్టెంబరులో ఎడమ పేజీ మీద పద్యం ఉంది. కుడి పేజీలో తేదీ ఒక్కటే వేశాను.