మన్యం చలిని ముందే అంచనా వేయడం ఎలా?

పేపర్లో ‘చింతపల్లిలో 6 డిగ్రీలు’ అని చూసి ఆ రాత్రికి రాత్రే కారెక్కిన బాపతు మేం. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ చింతపల్లి మండలంలోనే ఉన్న లంబసింగి చేరేసరికి ఆకాశం నిండా మబ్బు, సన్నగా తుంపర. చలీ లేదు, లోయ నిండా పాలనురగలా పరుచుకుంటుందన్న మంచూ లేదు. మంకీ క్యాపులు చెమట పట్టి తీసేశాం. చలిమంట పక్కన టీ అమ్ముతున్నావిడ మా మొహాలు చూసి నవ్వింది. "మొన్న రావాల్సింది బాబూ, బకెట్లో నీళ్లు చెయ్యి పెట్టనివ్వలేదు."

తప్పు ఆ అంకెది కాదు, దాన్ని చదివిన మాది. పేపర్లో వచ్చేది నిన్నటి ఉదయం లెక్క. వాతావరణ కేంద్రాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతను పొద్దున ఎనిమిదిన్నరకి నమోదు చేస్తారు, అది అచ్చయి మన చేతికొచ్చేది మర్నాడు. ఆ మధ్యలో బంగాళాఖాతం మనసు మార్చుకుని ఉంటుంది. ఆ దెబ్బతో నేర్చుకున్న పద్ధతి ఇది. లంబసింగికే కాదు, అరకు, పాడేరు, వంజంగి ఎక్కడికి బయల్దేరినా పనికొస్తుంది.

ముందు ఏ అంకె ఎక్కడిదో తేల్చుకోండి

వాతావరణ శాఖ లెక్కలో కోస్తాంధ్ర, యానాం కలిపి ఒకటే విభాగం. విశాఖ బీచ్ అందులోనే, లంబసింగీ అందులోనే. "కోస్తాలో పొడి వాతావరణం ఉంటుంది" అన్న వాక్యం ఆ రెండింటికీ కలిపి చెప్పింది. ఫోన్‌లో యాప్‌లదీ ఇంచుమించు అదే కథ. కంప్యూటర్ నమూనాలు నేలను గళ్లుగా కోసి గడికో అంకె ఇస్తాయి. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు. పాతవాటితో పోలిస్తే చాలా నయం. కానీ మన్యంలో 6 కిలోమీటర్లంటే ఒక శిఖరం, రెండు వాలులు, ఒక వాగు, దాని ఒడ్డున వరిమడి. వాటన్నిటినీ కలిపేసిన అంకె మీ ఫోన్‌లో కనిపిస్తుంది.

అందుకే నేను మైదానం నుంచి లెక్క మొదలుపెడతాను. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, అరకులోయ 900 దాకా. కొండల కింద మైదానంలో ఉన్న నర్సీపట్నంలో తెల్లవారుజామున 17 అని ఉంటే లంబసింగిలో పది, పదకొండు రావాలి. ఇది కాగితం మీద లెక్క.

రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిపోతే ఈ లెక్క తప్పుతుంది. పగలంతా దాచుకున్న వేడిని నేల పైకి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీళ్లలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అలాంటి రాత్రి అయితే పై లెక్కలోంచి ఇంకో మూడు నుంచి ఐదు డిగ్రీలు తీసేస్తాను. మబ్బుంటే ఏమీ తీయను. ఇది పుస్తకంలో సూత్రమేం కాదు, నా సొంత అలవాటు. ఇప్పటిదాకా పెద్దగా మోసం చేయలేదు.

మంచు అంటే ఏ మంచు?

తెలుగులో ఈ ఒక్క మాట చాలా తంటా తెచ్చిపెడుతోంది. ‘ఆంధ్రా కశ్మీర్’ అన్న పేరు విని పిల్లలకి స్నో చూపిద్దామని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. కశ్మీర్‌లా ఇక్కడ స్నో కురవదు. కనిపించేది పొగమంచు. బాగా చలిగా ఉన్న రోజుల్లో గడ్డి మీద తెల్లటి పొర గడ్డకడుతుంది. థర్మామీటర్ 3, 4 చూపిస్తున్నా ఇది జరగొచ్చు, ఎందుకంటే ఆ థర్మామీటర్ నేలకి నాలుగడుగుల ఎత్తున పెట్టెలో ఉంటుంది, గడ్డి అంతకంటే చల్లగా ఉంటుంది. చూడాలంటే వంగి, గడ్డిపరక అంచుని వేలితో గీకండి. ఉప్పులా గరగరలాడి, వేలి వేడికే చుక్కయిపోతుంది.

సముద్రం వైపు చూడండి

కొండల్లో చలి గురించి తెలుసుకోవడానికి నేను మొదట చూసేది బంగాళాఖాతం. నవంబర్, డిసెంబర్‌లలో ఈశాన్య రుతుపవనాలు, అల్పపీడనాలు, వాయుగుండాలు అక్కడ తిరుగుతూనే ఉంటాయి. 2023లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న. మనం చలికాలం వచ్చేసిందనుకునే రోజులే అవి. సముద్రంలో అలాంటిదేదైనా ఉంటే మబ్బు కొండల దాకా పాకుతుంది. మబ్బు రాత్రిపూట దుప్పటి లాంటిది, నేల వేడిని పోనివ్వదు. మా ట్రిప్‌ని ముంచింది అదే.

కాబట్టి ‘అల్పపీడనం’, ‘ద్రోణి’ (గాలి పీడనం తక్కువగా ఉన్న పొడవాటి పట్టీ) అన్న మాటలు బులెటిన్‌లో వినిపిస్తుంటే టికెట్లు బుక్ చేయకండి. అది బలహీనపడ్డాక ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో పొడిగాలి మొదలవుతుంది. యాప్‌లో గాలి బాణం అటు నుంచి తిరిగిందా, రాత్రిపూట మబ్బు శాతం పడిపోయిందా చూడండి. రెండూ కుదిరితే ఆ తర్వాత రెండు మూడు రోజులు బాగుంటాయి.

పొగమంచుకి ఇంకొకటి కూడా కావాలి, తేమ. యాప్‌లో డ్యూ పాయింట్ అని ఉంటుంది, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. చాలామంది పట్టించుకోరు. తెల్లవారుజాము ఉష్ణోగ్రత ఆ అంకెకి ఒకటి, రెండు డిగ్రీల దూరానికి వచ్చి, గాలి నెమ్మదిగా ఉంటే పొగమంచు ఖాయమనుకోవచ్చు. వాన పడి నేల తడిసి, ఆ మర్నాడే ఆకాశం విచ్చుకుంటే మరీ మంచిది. గట్టి చలి కావాలా, మేఘాల సముద్రం కావాలా అన్నది ముందే తేల్చుకోవడం మేలు. బాగా పొడిగాలి వీస్తే చలి ఎముకలు కొరుకుతుంది గానీ లోయ ఖాళీగా కనిపించొచ్చు.

సీజన్ అంచనాతో తేదీ పెట్టుకోకండి

నవంబర్ ఆఖర్లో, డిసెంబర్ మొదట్లో వాతావరణ శాఖ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అంచనా ఇస్తుంది. "కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువగా ఉండే అవకాశం" అని వస్తే చలే ఉండదని కాదు, మొత్తం సీజన్ సగటు గురించి చెప్పిన మాట అది. ఆ సీజన్‌లోనే గజగజలాడించే నాలుగు రాత్రులు ఉండొచ్చు. రాబోయే కొన్ని వారాల గురించి ప్రతి గురువారం వచ్చే విస్తృత శ్రేణి అంచనాతో వారాన్ని ఎంచుకోండి, జిల్లా సూచనతో రోజుని. వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్‌లో హెచ్చరికల రంగులుంటాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని.

ఒక మెలిక ఉంది. చలిగాలుల హెచ్చరికకి మైదానంలో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి, తీరంలో 15, కొండ ప్రాంతాల్లో 0. దానికి తోడు, సాధారణంగా, అది మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. అంటే మన్యంలో గట్టి చలి ఉన్నా హెచ్చరిక రాకపోవచ్చు. కాబట్టి హెచ్చరిక రాలేదని ముసలివాళ్లని పల్చటి శాలువాతో తీసుకెళ్లకండి.

ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ నిలబడాలి

చల్లగాలి పల్లంలో నిలుస్తుందని చెప్పుకున్నాం కదా, టెంట్ వేసేవాళ్లు దీన్ని మరచిపోతారు. వాగు ఒడ్డున చదునుగా, అందంగా ఉన్న చోటే రాత్రి అన్నిటికంటే చల్లగా ఉంటుంది. కాస్త పైన వాలులో అయితే రెండు మూడు డిగ్రీలు నయంగా ఉండొచ్చు. మేఘాలని చూడాలంటే కూడా పైకే వెళ్లాలి. వంజంగి కొండ మీదా, లంబసింగి దగ్గర చెరువులవేనంలోనూ మనం మంచుకి పైన నిలబడతాం కాబట్టే ఆ దృశ్యం. లోయలోనే ఉండిపోతే పక్కనున్న మనిషి కూడా కనిపించడు.

డిసెంబర్ చివర్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకి అటూ ఇటూ. అన్నిటికంటే చల్లటి ఘడియ సూర్యుడు వచ్చిన కాసేపటికి ఉంటుంది, అర్ధరాత్రి కాదు. "ఎండ వచ్చేసిందిగా" అని స్వెట్టర్ విప్పేస్తే అప్పుడు తెలుస్తుంది. బైక్ మీద వచ్చేవాళ్లకి గాలి దెబ్బ అదనం. చేతికి గ్లవ్స్ లేకపోతే ఘాట్ సగంలోనే బ్రేక్ పట్టుకునే వేళ్లు మొద్దుబారతాయి.

దిగేముందు

పొగమంచులో చూపు 200 మీటర్ల లోపు పడిపోతే వాతావరణ శాఖ దట్టమైనదంటుంది, 50 లోపైతే అతి దట్టమైనది. ఘాట్ మలుపులో 50 మీటర్లంటే ఎదురొచ్చే బస్సు కనిపించేలోపే మీద పడినట్టు. హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు, లోబీమ్ చాలు. ఫొటో కోసం మలుపులో బండి ఆపకండి. ఎండ నేలకి తగిలాక, మామూలుగా తొమ్మిది, పదింటికి, దారి తేటపడుతుంది. అప్పటిదాకా ఇంకో టీ తాగుతూ కూర్చోవచ్చు. ఆవిడ కొట్టు దగ్గర ఎలాగూ మంట ఉంటుంది.