మన యాసలో కథ రాయాలంటే: చదవడం దగ్గరి నుంచి పత్రికకు పంపడం దాకా

రాయాలనుకునేవాళ్లు మొదట అడిగేది ‘ఏం చదవాలి’ అని. వంద పేర్లు రాసిస్తే వందా అట్లనే ఉండిపోతాయి. నల్లగొండ, పాలమూరు పిల్లలకు ముందు ముగ్గురు చాలు.

బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ పాలమూరు మాటను కథలోకి ఎట్ల తేవాలో చూపిస్తుంది. దాన్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది, పైకి చదవాలి. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన ‘ప్రజల మనిషి’, ‘జైలు లోపల’ రెండూ తెచ్చుకోండి. ఒకటి నవల, ఒకటి కథలు; ఒకే మనిషి రెండు కొలతల్లో ఎట్ల రాస్తాడో పక్కపక్కన తెలుస్తుంది. మూడోది కథ కాదు: సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి మొదట, 1955లో, వచ్చింది దీనికే. బట్టలు, నగలు, తిండి, ఆటలు, వీటి పేర్లు దొరకనప్పుడల్లా తెరవాల్సిన పుస్తకం. మొదటి పేజీ నుంచి వరుసగా చదవాలని పట్టుబట్టకండి.

కొనలేకపోతే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో సభ్యత్వం తీసుకోండి. పాత కథల కోసం శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. అంత దూరం పోనక్కర లేదు, చాలా కథల స్కాన్ ప్రతులు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు.

నచ్చిన కథను మూడుసార్లు చదవాలి. మొదటిసారి పెన్ను ముట్టొద్దు. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని మూడే సంగతులు రాసుకోండి: కాలం ఎక్కడ దూకింది, ఎవరు మాట్లాడుతున్నారో ‘అన్నాడు’ లేకుండా ఎట్ల తెలిసింది, రచయిత చెప్పకుండా దాచింది ఏంది. మూడోసారి ఒక పేజీని చేత్తో ఎత్తి రాయండి. ఇది చాలామందికి చిన్నపిల్లల కాపీరైటింగ్ లెక్క అనిపిస్తుంది, అందుకే ఎగ్గొడతారు. కానీ వాక్యం ఎక్కడ పొడుగైంది, ఎక్కడ తెగింది అనేది చెయ్యికి తెలిసినంతగా కంటికి తెలియదు.

ఇక యాస. మన దగ్గరి కథలు ఎక్కువగా చెడేది ఇక్కడే. కథ చెప్పేవాడు ‘వచ్చాడు’ అని మొదలుపెట్టి, మూడో పేరాలో ‘కూసున్నడు’ అని, మళ్లీ ‘వెళ్లిపోయాడు’ అంటాడు. చదివేవాళ్లకు తప్పేందో చెప్పడానికి రాకపోయినా, మాట నమ్మబుద్ధి కాదు. రాసేముందే తేల్చుకోండి: కథనం పుస్తకాల తెలుగు, మాటలు యాస, లేకపోతే మొత్తం ఒక పాత్ర నోటి నుంచి యాసలోనే. రెండోది కష్టం. మొదటి మూడు నాలుగు కథలకు మొదటిదే మేలు.

చిత్తుప్రతి అయినంక రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. కథనంలో వాక్యం ఆఖరున వచ్చే క్రియలన్నిటికీ ఎర్రగీత, మాటల్లోని వాటికి నీలిగీత. ఎర్రవన్నీ ఒక తీరు ఉండాలి. నీలివి మనిషికొక తీరు ఉండాలి. డెబ్బై ఏండ్ల ముసలమ్మ ‘దవఖానకు పోయొచ్చిన్రు’ అంటే, డిగ్రీ చదివే మనవరాలు ‘హాస్పిటల్‌కి వెళ్లొచ్చారు’ అంటుంది. ఇద్దరితో ఒకే యాస పలికిస్తే ఇద్దరూ ఒక్కరే అయిపోతారు.

యాస అంటే తెలంగాణ మొత్తానికీ ఒక్కటి కాదు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు కృష్ణ అవతలి ఒడ్డు మాట కలుస్తుంది. నారాయణపేట, మక్తల్‌లో కన్నడం కలుస్తుంది. అలంపూరు మాటలో కర్నూలు వినిపిస్తుంది. సినిమాల్లో విన్న ‘గిట్ల, గట్ల’ను అన్ని ఊర్లకూ అంటగట్టకండి, మీ పాత్ర ఊర్లో ఎవరి నోటా ఆ ‘గ’ రాకపోతే కథలోనూ రావొద్దు. దేవరకొండ బస్టాండులోనో, మంగళవారం అంగట్లోనో గంటసేపు కూర్చుని విన్న మాటలు విన్నట్టే రాసుకోండి. పేర్లు రాయొద్దు, మాట తీరు చాలు.

రాత పద్ధతి ఒక కాగితం మీద ముందే పెట్టుకోవాలి. ‘చేసిన్రు’నా ‘చేసిండ్రు’నా? ‘ఒచ్చిండు’నా ‘వచ్చిండు’నా? పలుకుబడిని ప్రతి అక్షరంలో దించబోతే చదువరి కూడబలుక్కుంటూ ఆగిపోతాడు. క్రియలు, పిలుపులు, ఊతపదాలు యాసలో ఉంటే చాలు, మిగిలింది చెవి నింపుకుంటుంది. యాస మాటకు పక్కన కుండలీకరణాల్లో అర్థం ఇవ్వకండి. ‘సర్వ’ అంటే ఏందో తెలియనివాళ్లకు ‘సర్వల నీళ్లు పొయ్యి మీద మసులుతున్నయి’ అన్న వాక్యమే చెప్తుంది.

పాత కాలం కథైతే తేదీలు సరిచూసుకోవాలి. 1995లో జరిగే కథలో ‘వనపర్తి జిల్లా’ అని రాస్తే తప్పు; ఆ జిల్లా వచ్చింది 2016 అక్టోబరులో, నారాయణపేట 2019లో. మండలాలు 1980ల నడుమ వచ్చాయి, అంతకు ముందు తాలూకాలే. నయాపైసలు 1957 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు అణాలు. నిజాం కాలంలో చేతులు మారేది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా, ఏడు హాలీ రూపాయలకు ఆరు కంపెనీ రూపాయలు, అంటే ఇంగ్లీషోళ్ల ఏలుబడిలోని రూపాయలు. నాగార్జునసాగర్‌కు పునాది పడింది 1955 డిసెంబరులో, కాబట్టి 1950 నాటి మిర్యాలగూడ పొలంలో ఎడమకాలువ నీళ్లు పారించకండి. ఇట్లాంటి ఒక్క తప్పు ఊరి పెద్దమనిషి కంటపడితే మిగతా కథంతా ఆయనకు అబద్ధమే.

రాసేటప్పుడు కథను ‘వలస’ అనో ‘కరువు’ అనో మొదలుపెట్టకండి. అవి విషయాలు, కథలు కావు. ఒక వస్తువు, ఒక మనిషి, ఒక పూట తీసుకోండి: బొంబాయి బస్సు ఎక్కబోతూ ఇంటి తాళంచెవి ఎవరికియ్యాలో తేలని ఆడమనిషి. ఫ్లోరైడుతో కాళ్లు వంకరపోయిన తండ్రికి కొత్త చెప్పులు కొనబోయిన కొడుకు. 1200 పదాల కథంటే రూళ్ల నోటుపుస్తకంలో దాదాపు ఆరు పేజీలు. అందులో మూడు పాత్రలకు మించి పట్టవు.

‘ఆమెకు చాలా బాధ అయింది’ అని రాసిన చోటల్లా ఆగండి. ఆ బాధ చేతుల్లో ఏం చేయిస్తుందో చూడండి: ‘ఇప్పిన సద్దిమూట మళ్ల ముడేసింది.’ ఈ వాక్యం వచ్చినంక పాతదాన్ని కొట్టేయాలి. రెండూ ఉంచుకునే ఆశే ఎక్కువ కథల్ని లావు చేస్తుంది.

చిత్తుప్రతి వారంలోపు ముగించి, పదిహేను రోజులు ముట్టకుండా పక్కన పెట్టండి. తర్వాత గడియారం చూసుకుంటూ పైకి చదవండి; 1200 పదాలకు పది పన్నెండు నిమిషాలు పడుతుంది. నాలుక తడబడిన చోట గీత పెట్టండి, తప్పు అక్కడే ఉంటుంది. మొదటి పేరా తీసేసి చూడండి. కోడి కూయడం, పొద్దు పొడవడం, బస్సు కిటికీ, వీటితో మొదలైతే దాదాపు ఎప్పుడూ తీసేయొచ్చు. ఆఖరి పేరాలో నీతి ఉంటే అదీ పోవాలి. మొత్తం మీద అయిదో వంతు తగ్గకపోతే సరిగ్గా దిద్దలేదన్నట్టే. తర్వాత ఇద్దరికి చదవనివ్వండి: ఒకరు ఆ ఊరి మాట తెలిసినవాళ్లు, ఒకరు అసలు తెలియనివాళ్లు. ‘బాగుందా’ అని అడగకండి, బాగుందనే అంటారు. ‘ఎక్కడ ఆగి వెనక్కు పోయి చదివినవ్’ అని అడగండి.

పంపేముందు ఆ పత్రిక పాత సంచికలు నాలుగు చూసి, కథల నిడివి లెక్కపెట్టుకోండి. యూనికోడ్‌లో టైపు చేసి పంపితే దారి సులువు. డీటీపీ సెంటర్లలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్ల నుంచి కన్వర్టర్‌లో మార్చితే ఒత్తులు ఎగిరిపోతాయి, ‘క్ష’లు చెదురుతాయి; మార్చిన ఫైలును మాటమాటకూ చదివి దిద్దాలి. హామీపత్రం తప్పక జతచేయాలి: కథ నా సొంతం, అనువాదం, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, మరో పత్రిక పరిశీలనలో లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టినా అచ్చయినట్టే లెక్కగట్టే పత్రికలున్నాయి, ఆత్రపడొద్దు.

పంపిన తేదీ, పత్రిక పేరు నోటుపుస్తకంలో రాసుకోండి. గడువు చెప్పని పత్రికైతే మూడు నెలలు చూసి, ‘కథను వెనక్కు తీసుకుంటున్నాను’ అని ఒక్క వాక్యం రాసి పంపండి. ఆ తర్వాతే ఇంకో పత్రికకు.