బెజవాడ, గుంటూరులో మొదటి ఉద్యోగం: ఎలా వెతకాలి, చేరాక ఎలా నెగ్గుకురావాలి?

డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న నాలుగో నెలలో మా మేనమామ అడిగాడు, "ఇంతకీ నీకు ఏం వచ్చురా?" అని. "బీకాం కంప్యూటర్స్ మామయ్యా" అన్నాను. "అది నువ్వు చదివింది. వచ్చింది ఏంటి?" అన్నాడు. నీళ్లు నమిలాను. అప్పటికి రెండు మూడు యాప్‌లలో కలిపి వందసార్లయినా 'అప్లై' నొక్కి ఉంటాను, ఒక్క ఫోన్ రాలేదు. మామయ్య ప్రశ్నకి జవాబు తయారుచేసుకుని, నోరు తెరిచి నలుగురికి చెప్పాక, పది రోజుల్లో గుంటూరు మిర్చి యార్డు దగ్గర రైతుల మిర్చి అమ్మిపెట్టే ఓ కమిషన్ కొట్లో గుమస్తాగా చేరాను. ఆ తర్వాత బెజవాడలో రెండు ఆఫీసులు మారాను. ఇక్కడ రాసేది ఆ అనుభవంతోనే. పెద్ద ఐటీ కంపెనీల ఇంటర్వ్యూల సంగతి వేరు, దాని జోలికి వెళ్లను.

1. వచ్చిన పనిని ఒక్క వాక్యంలో రాసుకోండి

చదువు పేరు వద్దు, పని పేరు రాయండి. "టాలీలో కొనుగోళ్లు, అమ్మకాల ఎంట్రీలు కొడతాను, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూస్తాను" అంటే అవతలివాళ్లకి అర్థమవుతుంది (టాలీ అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్). "హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్" అంటే ఏమీ అర్థం కాదు. బండి నడపడం, లైసెన్సు ఉండటం, హిందీ మాట్లాడటం కూడా పనికొచ్చేవే. బయటి రాష్ట్రాల కొనుగోలుదార్లతో, లారీలవాళ్లతో వ్యవహారం ఉండే చోట హిందీ వచ్చిన కుర్రాడికి విలువ ఎక్కువ.

రాసుకోవడానికి ఏమీ లేకపోతే దిగులుపడొద్దు. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఒక ఆడిటర్ ఆఫీసులో రెండు మూడు నెలలు, ఇచ్చినంత తీసుకుని జీఎస్టీ రిటర్నులు నేర్చుకోండి. వేలు పోసే కోర్సుల కన్నా నా లెక్కలో అదే నయం.

2. ఏ పని ఎక్కడ ఉంటుందో చూసుకోండి

మన దగ్గర ఒక్కో పేటకి ఒక్కో పని. బెజవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టులు, బాడీ బిల్డింగ్, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు. గొల్లపూడిలో హోల్‌సేల్ కొట్లు. సూర్యారావుపేటలో ఆస్పత్రులు, ల్యాబులు, అంటే రిసెప్షన్, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్కులు. గుంటూరులో ఆస్పత్రులంటే కొత్తపేట. కేసరపల్లి వైపు ఐటీ. మిర్చి యార్డు పని జనవరి నుంచి ఎండాకాలం దాకా ఊపిరాడనివ్వదు. సీజన్ మొదలవకముందే, నవంబరు, డిసెంబరుల్లో అడిగితే మనిషి అవసరం ఉంటుంది.

గుంటూరులో ఉంటూ బెజవాడలో ఉద్యోగం అనుకుంటే, లేదా అటునుంచి ఇటు, ముందు రోడ్డు లెక్క చూసుకోండి. ముప్పై అయిదు కిలోమీటర్లు దూరం కాదనిపిస్తుంది. బస్సు, మళ్లీ స్టాండు నుంచి ఆటో, రాత్రి ఆలస్యమైతే బయట భోజనం కలిపితే జీతంలో పెద్ద ముక్కే పోతుంది. మీ వేళలకి రైలు కుదిరితే సీజన్ టికెట్ చవక.

3. రెజ్యూమె ఒక్క పేజీ

జిరాక్స్ షాపులో "ఒక మోడల్ ఉంది సార్, పేరు మార్చేద్దాం" అంటే ఒప్పుకోకండి. ఆ మోడల్‌లో 'కెరీర్ ఆబ్జెక్టివ్' ఊరందరికీ ఒకటే. పైన పేరు, పనిచేసే ఫోన్ నంబరు, ఉండే ఏరియా. దాని కింద ఇందాక రాసుకున్న వాక్యం. తర్వాత చదువు, ఎక్కడైనా చేసిన పని, తెలిసిన భాషలు. కులం, మతం, తండ్రిగారి వృత్తి అక్కర్లేదు. ఫైలుకి మీ పేరే పెట్టండి. 'రెజ్యూమె ఫైనల్ 2 కొత్తది' అనే పేరుతో వచ్చిన ఫైళ్లు మా ఆఫీసు కంప్యూటర్లో ఇప్పటికీ ఉన్నాయి, ఎవరివో మాకే తెలియదు.

4. మనిషి కనపడాలి

యాప్‌లు, జాబ్ మేళాలు, కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్ ఉద్యోగాల పోర్టల్ అన్నీ వాడుకోండి, ఖర్చేం లేదు. కానీ కొట్లు, చిన్న ఆఫీసులు, నర్సింగ్ హోములు చాలావరకు ప్రకటన ఇవ్వవు. "మీకు తెలిసిన కుర్రాడెవరైనా ఉన్నాడా?" అని పక్క కొట్టువాణ్ణి అడుగుతాయి. ఆ పక్క కొట్టువాడికి మీరు తెలిసుండాలి.

నేను పంపిన మెసేజ్ దాదాపు ఇలా ఉంది: "నమస్తే అన్నా, బీకాం అయింది. టాలీ, జీఎస్టీ బిల్లింగ్ వచ్చు. గుంటూరులో గానీ బెజవాడలో గానీ అకౌంట్స్ పని చూస్తున్నా. మీకు తెలిసిన చోట ఒక మాట అడగండి. రేపటి నుంచే చేరగలను." గ్రూపులో పడెయ్యలేదు, ఒక్కొక్కరికీ విడిగా పంపాను. ఇరవై మందిలో ముగ్గురు ఫోన్ చేశారు. ఒకాయన మా నాన్న ఎరువులు కొనే షాపాయన. ఉద్యోగం ఆయన చెప్పిన చోటే వచ్చింది.

నేరుగా వెళ్లి అడిగేటప్పుడు వేళ చూసుకోండి. కొట్టు తెరవగానే వెళ్లొద్దు. పూజ అయి, బోణీ బేరం తగిలేదాకా ఆగండి. బోణీ కాకముందే చెయ్యి చాపినవాణ్ణి ఎవరు మర్యాద చేస్తారు? పదకొండున్నర, పన్నెండు ప్రాంతం బాగుంటుంది. లేదంటే భోజనాలయ్యాక నాలుగింటికి.

5. డబ్బు అడిగితే లేచి వచ్చేయండి

రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ట్రైనింగ్ ఖర్చు, పేరేదైనా సరే, ఉద్యోగం ఇస్తామంటూ ముందు మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడ ఉద్యోగం లేదనుకోండి. వీడియోలకి లైక్ కొడితే రోజుకి వేలు అనే టెలిగ్రామ్ పనులూ అంతే. పొరపాటున డబ్బు వేసేస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ వదిలి రావద్దు. నేను రెండో ఉద్యోగంలో వదిలాను. మానేశాక టెన్త్ మెమో తెచ్చుకోవడానికి ఏడుసార్లు తిరిగాను.

6. జీతం: చేతికి ఎంత?

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాదని కంగారుపడి సగంలో ఆగిపోయే కన్నా తెలుగులో సూటిగా చెప్పడం మేలు. జీతం అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. ఇలా అడగండి: "సార్, కటింగులు పోను చేతికి ఎంత వస్తుంది? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? సెలవులెన్ని?"

పీఎఫ్ అంటే మీ పేరున జమయ్యే పొదుపు, ఈఎస్ఐ అంటే వైద్య బీమా. లెక్క చూద్దాం. జీతం 15,000, అందులో బేసిక్ 12,000 అన్నారనుకోండి. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ మొత్తం జీతం మీద 0.75 శాతం, అంటే 113. చేతికి 13,447. కంపెనీ తన వాటాగా పీఎఫ్‌కి మరో 12 శాతం, ఈఎస్ఐకి 3.25 శాతం కట్టాలి. కొందరు ఆ వాటాని కూడా 'సీటీసీ' (మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) పేరుతో మీ 15,000లోనే కలిపి చెబుతారు. అప్పుడు చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది. అందుకే చేతికి ఎంత అని అడగమనేది.

పీఎఫ్ కటింగ్ చూసి ఏడవకండి, అది మీ డబ్బే. కట్ చేసి కట్టకపోతేనే ఏడవాలి. చేరిన రెండు మూడు నెలలకి మీ పీఎఫ్ నంబరు, అంటే యూఏఎన్‌తో పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. ఆ 12 అంకెల నంబరు జీవితాంతం ఒకటే, ఉద్యోగం మారినా కొత్తది తీసుకోవద్దు. ఈఎస్ఐ ఉంటే ఇంట్లోవాళ్ల పేర్లు కూడా ఎక్కించమని అడగండి. బెజవాడలో గుణదల ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. అమ్మకి జబ్బు చేసినప్పుడు తెలిసొస్తుంది దాని సంగతి.

7. చేరాక మొదటి మూడు నెలలు

ఒక చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకోండి. చెప్పిందల్లా రాసుకోండి. ఒకే సంగతి రెండోసారి అడిగితే ఎవరూ ఏమనరు, నాలుగోసారి విసుక్కుంటారు. పని నేర్పేది ఎక్కువసార్లు మేనేజరు కాదు, ఇరవై ఏళ్లుగా ఉన్న పెద్ద గుమస్తానో, గోడౌన్ చూసే ఆయనో. ఆయన జీతం మీకన్నా తక్కువైనా సరే, 'గారు' అనండి. కాటా దగ్గర నిలబడితే మిర్చిలో తేజ రకానికీ, రంగుపోయిన తాలుకాయకీ తేడా వారంలో కళ్లకి పట్టేస్తుంది, కుర్చీలో కూర్చుంటే ఏడాదైనా పట్టదు.

ఇక తప్పుల సంగతి. ఫిబ్రవరి, సీజన్ మంచి ఊపులో ఉంది. 210 టిక్కీల (మిర్చి బస్తాల) లోడు నాగపూర్ వెళ్తోంది. రాత్రి ఎనిమిదిన్నరకి ఈ-వే బిల్లు (లారీలో సరుకుతోపాటు ఉండాల్సిన ఆన్‌లైన్ జీఎస్టీ బిల్లు) చేస్తూ 120 అని కొట్టాను. లారీ కదిలాక కాగితాలు సర్దుతుంటే కంటబడింది. గుండె జారిపోయింది. షావుకారుగారు అప్పటికే ఇంటికెళ్లిపోయారు. పొద్దున చెబుదాం అనుకున్నాను. పొద్దున ఆయన ఎవరిమీదో కేకలేస్తున్నారు. మధ్యాహ్నం చెబుదాం అనుకున్నాను. సాయంత్రం డ్రైవరు ఫోన్ చేశాడు, రాష్ట్రం దాటాక తనిఖీలో ఆపేశారని. జరిమానా కట్టి విడిపించాల్సి వచ్చింది.

ఈ-వే బిల్లు తప్పు పడితే 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు. దారిలో అధికారి తనిఖీ చేసేశాక మాత్రం కుదరదు. ఆ సంగతి నాకు తెలుసు కూడా. షావుకారుగారు తిడతారనుకున్నాను, తిట్టలేదు. "రాత్రి ఫోన్ చేసుంటే అయిదు నిమిషాల పని కదా అబ్బాయ్" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటినుంచి తప్పు కనపడితే మూడు ముక్కల్లో చెప్పేస్తాను: ఏం జరిగింది, ఇప్పుడు లోడు ఎక్కడుంది, ఏం చేస్తే సరిపోతుంది. సాకులు చెప్పను, అడిగితే తప్ప.

తోటివాళ్లతో వచ్చే చిక్కులు ఇంకోరకం. మొదటి వారంలోనే "మీదేవూరు? ఇంటిపేరేంటి?" అని అడుగుతారు. రెండో ప్రశ్న ఎందుకో మీకూ తెలుసు, వాళ్లకీ తెలుసు. ఊరు చెప్పి, ఆ ఊరి పంటల మీదకి మాట మళ్లించండి, గొడవ లేకుండా పోతుంది. రెండో నెలలో "మా దగ్గర చీటీ ఉంది, ఒక పేరు వేసుకో" అంటారు. ఏడాది ఆగుతానని నవ్వుతూ చెప్పండి. చేబదులు కూడా అంతే. వెయ్యి రూపాయల దగ్గర చెడిన స్నేహంతో పక్క పక్క సీట్లలో కూర్చోవడం నరకం.

ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పే చోట టీకి వెళ్లడం మానలేం. టీ తాగండి, వినండి, "అవునా" అనండి, మీ వంతు మాట కలపకండి. మీ పని ఇంకొకరు తమదని చెప్పుకుంటుంటే మాత్రం ఊరుకోవద్దు. పోట్లాట అక్కర్లేదు. రోజూ సాయంత్రం చేసిన పని రెండు లైన్లు వాట్సాప్‌లో పైవాళ్లకి పంపడం మొదలుపెట్టండి.

8. మానేసేటప్పుడు

కోపంలో మెసేజ్ పెట్టి మర్నాటి నుంచి రాకపోవడం మన దగ్గర మామూలైపోయింది. మార్కెట్ చిన్నది, కొత్త ఓనరు పాత ఓనరుకి ఫోన్ చేస్తాడు. నెల ముందు కాగితం మీద రాసివ్వండి, లెడ్జర్లు, తాళాలు, పాస్‌వర్డులు అప్పజెప్పి సంతకం తీసుకోండి, రిలీవింగ్ లెటర్ అడగండి. ఆఖరి నెల జీతం పడ్డాక పీఎఫ్ పోర్టల్‌లో మీరు మానేసిన తేదీ ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే పాత డబ్బు కొత్త ఖాతాకి మారడంలో చిక్కొస్తుంది. వాళ్లు ఎన్నాళ్లకీ వెయ్యకపోతే, రెండు నెలలు దాటాక 'మార్క్ ఎగ్జిట్' దగ్గరికి వెళ్లి మీరే వేసుకోవచ్చు. ఆధార్‌కి కలిపిన ఫోన్ దగ్గర పెట్టుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.