కడుపుతో ఉన్నప్పుడు పెరిగే బరువు: బిడ్డ కోసం ముందుగా తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గర్భం నిలిచిందని తెలిసిన రోజు నుంచి అందరిదీ ఒకటే మాట: "ఇక నుంచి ఇద్దరి కోసం తినాలి." ప్రేమతో అనే మాటే. కానీ పన్నెండో వారానికి ఆ రెండో మనిషి తల నుంచి పిరుదుల దాకా ఐదారు సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలల్లో రోజూ తినే దానికంటే ఎక్కువ అక్కర్లేదు. తర్వాతి మూడు నెలలు రోజుకు దాదాపు 340 కేలరీలు, చివరి మూడు నెలలు 450 కేలరీలు అదనంగా ఉంటే సరిపోతుంది. ముందే అధిక బరువు ఉన్నవాళ్లకు అంత కూడా అవసరం పడకపోవచ్చు.

నా మొదటి కాన్పప్పుడు ప్రతి చెకప్‌లోనూ బరువు చూసి కార్డు మీద రాసేవారు. ఆ అంకెల్ని వరుసగా చదివి, ఎక్కువ పెరుగుతున్నావనో తక్కువ పెరుగుతున్నావనో ఎవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తెలియలేదు. అందుకే ముందు లెక్కతోనే మొదలుపెడుతున్నాను.

మీ లెక్క మీరే వేసుకోండి

గర్భానికి ముందున్న బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో పెట్టి దానితో రెండుసార్లు భాగించండి. వచ్చేదే బీఎంఐ. 2009లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన హద్దుల్ని ఇప్పటికీ చాలామంది వైద్యులు పాటిస్తున్నారు. బీఎంఐ 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్లు మొత్తం తొమ్మిది నెలల్లో 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. 18.5 నుంచి 24.9 మధ్య ఉంటే 11.5 నుంచి 16 కిలోలు. 25 నుంచి 29.9 అయితే 7 నుంచి 11.5. 30, ఆ పైన అయితే 5 నుంచి 9 కిలోలు చాలు. కవలలైతే లెక్క వేరు, డాక్టర్ని అడగండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎత్తు 158 సెంటీమీటర్లు, గర్భానికి ముందు బరువు 64 కిలోలు. బీఎంఐ 25.6 వస్తుంది. మొదటి మూడు నెలల్లో ఓ కిలో, ఆ తర్వాత వారానికి 280 గ్రాముల చొప్పున పెరిగితే ఇరవయ్యో వారానికి తక్కెడ 67 దగ్గర ఉండాలి. 71 చూపిస్తోందంటే, మొత్తం గర్భకాలానికి కావాల్సిన కనీస పెరుగుదల సగం దారిలోనే అయిపోయిందన్నమాట. అప్పుడు చేయాల్సింది పెరిగిన బరువును దించడం కాదు, మిగతా ఇరవై వారాల్లో వేగం తగ్గించడం. ఈ తేడా చాలామందికి తెలియక, భయపడి తిండి మానేస్తారు.

వారానికి ఒకే రోజు, పొద్దున్నే, ఏమీ తినకముందు, అదే తక్కెడ మీద చూసుకుని నోటు పుస్తకంలో రాయండి. రోజూ చూస్తే నీళ్ల హెచ్చుతగ్గులకే మనసు పాడవుతుంది. ఆ పుస్తకం చెకప్‌కి పట్టుకెళ్లి, "నేను హద్దుల్లోనే ఉన్నానా?" అని నోరు తెరిచి అడగండి.

తల్లి బరువు ప్రభావం బిడ్డ దాకా ఎలా చేరుతుంది

తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాదాపుగా దాటదు. కాబట్టి తల్లికి చక్కెర పెరిగితే, లోపలున్న బిడ్డ తన చిన్న క్లోమంతోనే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకోవాల్సి వస్తుంది. ఇన్సులిన్ చక్కెరను దించడంతో ఆగదు, కొవ్వును కూడబెడుతుంది, పెరుగుదలను తోస్తుంది. అలా పుట్టకముందే బిడ్డకు కొవ్వు పడుతుంది.

తల్లీబిడ్డలు ఒకే జన్యువులు పంచుకుంటారు, ఒకే వంట తింటారు కదా, దీన్నంతా గర్భం మీద వేయడం న్యాయమా? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ 2010లో పరిశోధకులు అమెరికాలో ఒకే తల్లికి వేర్వేరు కాన్పుల్లో పుట్టిన పిల్లల్ని పోల్చారు. గర్భంలో 24 కిలోలకు మించి పెరిగిన తల్లుల బిడ్డలు, 8 నుంచి 10 కిలోలు పెరిగినవారి బిడ్డల కంటే సుమారు 150 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. అంటే జన్యువులకు తోడు గర్భంలోని వాతావరణానికీ వాటా ఉంది.

ఇక ఎపిజెనెటిక్స్, అంటే జన్యువు మారకుండానే దాని పనితీరు మారడం. జన్యువులో రాసినది మారదు. కానీ దాని మీద అక్కడక్కడ మిథైల్ అనే చిన్న గుర్తులు పడతాయి. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. ఆ గుర్తు పడిన చోట జన్యువు తరచుగా సద్దుమణుగుతుంది, లేనిచోట చురుగ్గా ఉంటుంది. ఆకలి, కొవ్వు, ఇన్సులిన్‌లకు సంబంధించిన జన్యువుల మీద ఈ గుర్తుల్లో చాలా భాగం గర్భంలోనే కుదురుకుంటాయి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో బొడ్డుతాడు కణజాలాన్ని పరీక్షించి, తర్వాత ఆ పిల్లలు తొమ్మిదేళ్లకు చేరినప్పుడు కొవ్వు కొలిచారు. ఆర్‌ఎక్స్‌ఆర్‌ఏ అనే జన్యువు దగ్గర గుర్తులు ఎక్కువున్న పిల్లల్లో కొవ్వు ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితం 2011లో వెలువడింది.

అయితే గుర్తును చూసి ఈ బిడ్డ తప్పకుండా లావవుతుందని చెప్పే పరీక్ష ఏదీ లేదు. గర్భంలో తల్లుల బరువును అదుపు చేసిన ప్రయోగాల్లో తల్లుల పెరుగుదల కొంత తగ్గింది గానీ, పిల్లల్లో ఊబకాయం అంత స్పష్టంగా తగ్గలేదు. గర్భానికి ముందున్న బరువు, పుట్టాక ఇంటి తిండి, ఆట, నిద్ర అన్నీ కలిసి పనిచేస్తాయి. కాబట్టి బొద్దుగా ఉన్న పిల్లవాణ్ని చూపించి తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

తిండి మానేయడం ఇంకా ప్రమాదం

1944–45 చలికాలంలో పశ్చిమ నెదర్లాండ్స్ కరువుతో అల్లాడింది. ఆ కరువులో గర్భం దాల్చిన తల్లుల పిల్లల్ని అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఐజీఎఫ్2 అనే పెరుగుదల జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ల తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయి. గర్భం మొదటి సగంలో కరువు తగిలిన మగపిల్లల్లో పంతొమ్మిదేళ్లకు ఊబకాయం ఎక్కువగా కనిపించిందని 1976లోనే తేలింది. ఎక్కువ తిండే కాదు, ఆకలి కూడా బిడ్డ మీద ముద్ర వేస్తుంది. అందుకని గర్భంలో డైటింగ్, ఉపవాసాలతో బరువు దించడం, సన్నబడే మందులు, పొడులు ఏవీ వద్దు. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు వాడుతుంటే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

బరువు తగ్గాలనుకుంటే సరైన సమయం గర్భానికి ముందు. అప్పుడే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి పన్నెండో వారం దాకా కొనసాగించాలి. మధుమేహం లేదా ఊబకాయం ఉంటే మోతాదు పెంచాల్సి రావచ్చు, డాక్టర్ చెప్పినట్టే వాడండి.

తాగేవాటితో మొదలుపెట్టండి. కూల్‌డ్రింకులు, చక్కెర కలిపిన పళ్లరసాలు కడుపు నింపకుండానే చక్కెరను పెంచుతాయి. పండును పండుగానే తినండి. డాక్టర్ వద్దనకపోతే వారానికి 150 నిమిషాలు, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో నడవండి. సిగరెట్ పూర్తిగా మానాలి, ఇంట్లో వేరేవాళ్లు కాల్చే పొగ కూడా తగలకూడదు. బిడ్డ జన్యువుల మీద సిగరెట్ వదిలే గుర్తులు చాలా అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ కనిపించాయి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

ఇరవయ్యో వారం తర్వాత నాలుగైదు రోజుల్లోనే బరువు కిలోకు పైగా ఎగబాకి, ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి తగ్గకుండా, చూపు మసకబారుతుంటే, పక్కటెముకల కింద నొప్పి వస్తుంటే అది కొవ్వు కాదు, నీరు. బీపీ 140/90 లేదా దానికి పైన ఉండే ప్రీఎక్లాంప్సియా అనే, గర్భంలో వచ్చే ప్రమాదకరమైన జబ్బు కావచ్చు. తిండి తగ్గించి చూద్దామని ఇంట్లో కూర్చోకండి, ఆ పూటే వెళ్లండి. వేవిళ్లు మరీ ఎక్కువై నీళ్లు కూడా నిలవకపోయినా, గర్భానికి ముందున్న బరువులో ఐదు శాతం తగ్గినా అంతే.

షుగర్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య తప్పనిసరిగా చేయించుకోండి. అధిక బరువు, కుటుంబంలో మధుమేహం ఉంటే మొదటి చెకప్‌లోనే అడగండి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు కాన్పు తర్వాత 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. పాలివ్వడం, రాత్రి నిద్రలేమి, బిడ్డ టీకాల హడావిడిలో మరిచిపోయేది ఇదే. ఆ తేదీని కాన్పుకు వెళ్లే సంచి సర్దేటప్పుడే ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.