లేత్ చక్‌కి సొంతంగా చేసుకున్న షీల్డ్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చెయ్యాలి

భీమవరం దగ్గర మా షెడ్డుకి వచ్చే పని ఎక్కువగా రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు, రైసు మిల్లు పుల్లీలు. పాత లేత్ (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్) కావడంతో చక్ మీద, అంటే జాబ్‌ని (చెక్కే ముక్కని) పట్టి తిప్పే భాగం మీద, కప్పు లేదు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటుతో నేనే ఒకటి చేసి బిగించాను. మొదటిది ఆర్నెల్లు కూడా ఆగలేదు, రెండోదే ఇప్పటికీ ఉంది.

ముందే ఒక మాట. ఇలాంటి షీల్డ్ రజనునీ, కూలెంట్‌నీ, చిన్న ముక్కల్నీ ఆపుతుంది. పట్టు వదిలి ఎగిరే బరువైన జాబ్‌ని ఆపదు.

బోల్టుల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు

నా మొదటి షీల్డ్ పోయింది ఇలాగే. సాయంత్రం గ్రీజు మరకలు పోతాయని థిన్నర్‌తో తుడిచాను. పొద్దున చూస్తే నాలుగు బోల్టుల దగ్గరా సాలెగూడులా గీతలు. గోటితో తడిమితే తెలియవు, లైటుకి అడ్డం పెడితే మెరుస్తాయి. పాలీకార్బొనేట్ గట్టిదే కానీ థిన్నర్, పెట్రోలు, అసిటోన్ దానికి పడవు. బోల్టు బిగింపు ఒత్తిడి ఉన్నచోట మరీను. నట్టు వదులవకుండా వేసే జిగురు కూడా అంతే, దాని బదులు నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనిది) వాడండి. 6 మి.మీ. బోల్టుకి 8 మి.మీ. రంధ్రం వేసి, రెండు పక్కలా నైలాన్ వాషర్ పెట్టి, చేతికి బిగువు తెలిసేదాకా మాత్రమే తిప్పండి. పగిలిన షీటుని అతికించి వాడొద్దు, మార్చెయ్యండి.

అసలు షీటు యాక్రిలిక్ (చూడ్డానికి అలాగే ఉండే పెళుసు ప్లాస్టిక్) అయితే ఎంత జాగ్రత్త చేసినా దండగే. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని, ఒక సన్నని ముక్కని వైస్‌లో పట్టి వంచండి. ఫట్‌మంటే యాక్రిలిక్, వంగితే పాలీకార్బొనేట్. నేను వేసింది 6 మి.మీ. మందం.

మసకబారడం

పొడిగుడ్డతో రజను రుద్దితే వచ్చేది ఇదే. ముందు సబ్బునీళ్లు పోసి కడిగి, తర్వాత మెత్తటి నూలుగుడ్డతో అద్దండి.

షీల్డ్ ఎప్పుడు చూసినా పైకే ఉంటోంది

కుర్రాడిది బద్ధకం అనుకుంటాం. చాలాసార్లు తప్పు కొలతది. జాస్ (చక్‌లో జాబ్‌ని పట్టే దవడలు) పూర్తిగా బయటికి తెరిస్తే షీటుకి తగులుతుంది, లేదా టూల్ పోస్ట్ (చెక్కే టూల్‌ని పట్టి ఉంచేది) దగ్గరికి రాదు. అందుకే షీటు కొయ్యకముందు అట్టపెట్టె ముక్కతో నమూనా చేసి, జాస్ బాగా తెరిచి, చక్‌ని చేత్తో తిప్పి, క్యారేజ్‌ని (టూల్ పోస్ట్‌ని మోస్తూ జరిగే భాగాన్ని) చక్ దాకా జరిపి చూడండి. ఈ అట్ట పని గంట పడుతుంది, షీటు ఖరీదు మిగులుతుంది. తెరిచిన షీల్డ్ దానంతటదే జారి పడుతుంటే కీలు దగ్గర నైలాన్ వాషర్, స్ప్రింగ్ వాషర్ వేసి బిగువు పెంచండి.

షీల్డ్ ఎత్తినా చక్ తిరుగుతోంది

షీల్డ్ ఎత్తితే మిషన్ ఆగాలని లిమిట్ స్విచ్ (షీల్డ్ కదలికకి నొక్కుకునే స్విచ్) పెట్టారు సరే, ఎలా పెట్టారన్నది ముఖ్యం. షీల్డ్ దించినప్పుడు నొక్కుకుని, ఎత్తితే లోపలి స్ప్రింగ్ బలంతో వదిలేలా పెడితే, మన తేమకి తుప్పు పట్టి స్విచ్ ఇరుక్కుపోతే కరెంటు ఆగదు. పైగా కుర్రాళ్లు టేపు చుట్టేస్తారు. కీలు కడ్డీకి ఒక గుబ్బ బిగించి, షీల్డ్ ఎత్తగానే అదే స్విచ్‌ని తోసి కాంటాక్టుని బలవంతంగా విడదీసేలా చెయ్యండి. ఆ కాంటాక్టుని స్టార్టర్ (మోటారుని ఆన్, ఆఫ్ చేసే పెట్టె) ఎర్ర బటన్‌తో సిరీస్‌లో కలపాలి. అప్పుడు షీల్డ్ దించినంత మాత్రాన మిషన్ తిరగదు, పచ్చ బటన్ నొక్కాల్సిందే. త్రీ ఫేజ్ స్టార్టర్లలో కాయిల్ చాలావరకు 415 వోల్టులది, ఈ వైరింగ్ మెయిన్ తీసేసి ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

స్టార్టర్ లేకుండా ఉత్త రోటరీ స్విచ్ మీద నడిచే లేత్‌కి ఇంకో గండం ఉంది. కరెంటు పోతుంది, స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది, మనం చక్ కీ పెట్టి జాబ్ విప్పుతుండగా కరెంటు వస్తుంది. నో వోల్ట్ కాయిల్ (కరెంటు పోగానే స్టార్టర్‌ని ఆఫ్ చేసేది) ఉన్న స్టార్టర్ కొన్నాకే షీల్డ్ సంగతి చూడండి.

షీల్డ్ కిందనుంచి పొడుగాటి రజను వస్తోంది

స్టెయిన్‌లెస్ షాఫ్టుల మీద ఇది మామూలే. చిప్ బ్రేకర్ (రజనుని విరిచే గాడి) ఉన్న ఇన్సర్ట్ (టూల్ కొసన బిగించే చెక్కే ముక్క) వేసి, ఫీడ్ (టూల్ జరిగే వేగం) కాస్త పెంచితే ముక్కలవుతుంది. అయినా చుట్టుకుంటే మిషన్ ఆపి, చక్ పూర్తిగా నిలిచాక కొక్కెంతో లాగండి. గ్లౌజు చేత్తో కాదు. భుజం మీద తువ్వాలు ఉంటే అది కూడా ముందే తీసి గోడ మేకుకి తగిలించండి.