పిరుదుల బిగువు కోసం ఇంటి వద్దనే చేయదగిన వ్యాయామాలు

పిరుదులను మాత్రమే సన్నబరిచే వ్యాయామం ఏదీ లేదు. కొవ్వును శరీరం ఒంటి అంతటి నుంచీ వాడుకుంటుంది. ఎక్కడ ముందు తగ్గుతుందనేది వంశపారంపర్యాన్ని, హార్మోన్లను బట్టి ఉంటుంది. ఆ కొవ్వు అడుగున ఉన్న కండరాలను గట్టిపరచడం మాత్రం సాధ్యమే. వాటిలో పెద్దదైన గ్లూటియస్ మాక్సిమస్ తొడను వెనక్కు చాపుతుంది. మీడియస్, మినిమస్ అనే చిన్న కండరాలు నడకలో ఒంటికాలిపై నిలిచినప్పుడు నడుము పక్కకు ఒరగకుండా చూస్తాయి. పలాసలో జీడిపప్పు పనివారైనా, విజయనగరం బజారులో గల్లాపెట్టె దగ్గరివారైనా, గంటల తరబడి కూర్చునేవారికి ఈ కండరాలు బలహీనపడతాయి.

మొదట సేతుబంధం చేయాలి. వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పాదాలను నేలకు ఆనించి, మడమలతో నేలను నొక్కుతూ నడుమును పైకి లేపి, పిరుదులను బిగించి రెండు క్షణాలు ఆగి, మెల్లగా దించాలి. తొడ వెనుక భాగం పట్టేస్తుంటే పాదాలను కొంచెం దగ్గరకు జరుపుకోవాలి. నడుము విల్లులా వంగితే పని వెన్నుకు పోతుంది.

తరువాతది బస్కీ. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, వెనుక పీట ఉన్నట్లుగా ముందు పిరుదులను వెనక్కు నెట్టి, తరువాతే మోకాళ్లను మడుస్తూ, మోకాళ్లు లోపలికి వాలిపోకుండా కూర్చోవాలి. మడమలు లేస్తున్నాయంటే అక్కడే ఆగిపోవాలి. మొదట్లో నిజంగానే అరుగు మీద కూర్చుని లేవడం మంచిది. ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలవడానికి ఆధారమైనదీ తొడలు, పిరుదుల బలమే. బరువులెత్తితే ఆడవారు మగవారిలా తయారవుతారన్న భయం అనవసరం. అంత కండ పెంచే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ వారిలో చాలా తక్కువ.

అరుగుపైకి ఒక్కో కాలితో ఎక్కి దిగడం మూడవది. కింది కాలితో తన్నుకొని లేవకుండా, పైకాలి మడమతోనే లేవాలి. రామతీర్థం కొండ మెట్లు ఎక్కడం కూడా ఇలాంటిదే, కాకపోతే దిగేటప్పుడు మోకాళ్లపై భారం ఎక్కువ. పక్కకు పడుకొని, మోకాళ్లు మడిచి, మడమలు కలిపి ఉంచి, పైమోకాలిని తెరిచి మూయడం చిన్న కండరాలకు చాలును.

ఒక్కొక్కటి 12 సార్ల చొప్పున మూడు విడతలు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విశ్రాంతితో చేయాలి. సులువనిపిస్తే బియ్యం సంచిని గుండెలకు హత్తుకొని బస్కీలు తీయవచ్చు. మరునాటి కండరాల నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. దానికి నొప్పి మాత్రలు మింగకండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

సన్నబడటం మాత్రం ఆహారంతో, నడకతో జరిగే పని. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవాలి. ఉక్కపోత లేని తెల్లవారుజాము అందుకు అనువైనది. చోడి (రాగి) అంబలితో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు తీసుకోవాలి, అన్నం కొంత తగ్గించాలి. మార్పును తూకంతో కాకుండా టేపుతో చూసుకుంటే మేలు. కంటికి కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాలిలోకి లాగే నొప్పి గానీ తిమ్మిరి గానీ వస్తే వ్యాయామం ఆపి వైద్యుని సంప్రదించాలి. గర్భిణులు, తుంటి శస్త్రచికిత్స అయినవారు మొదలుపెట్టకముందే అడగాలి.